ఫారిన్ రిటర్న్ రొయ్యలు

అనకాపల్లి గవరపాలెం సందుల్లో పాలబండి హారను కంటే ముందు వినపడేది కనకమహాలక్ష్మి కేక. "రొయ్యలోయ్... పచ్చి రొయ్యలమ్మోయ్!" అని ఆవిడ సందు మొదట ఎత్తుకుంటే, సందు చివరింట్లో ముసుగుతన్ని పడుకున్నవాడు కూడా లేచి కూచోవలసిందే. నిద్ర పాడుచేసిందని విసుక్కున్నవాళ్ళూ ఆవిడ దగ్గరే కొనేవారు. కనకం తట్టలో చెడిపోయిన చేప ఉండదని అనకాపల్లిలో సగం వంటిళ్ళకి తెలుసు. మిగతా సగం శాకాహారులు, వాళ్ళ సంగతి మనకెందుకు.

ఆవిడ ఊరు సముద్రపొడ్డున పూడిమడక. మొగుడు పరదేశి బోటు మీద కలాసీ. పెళ్ళయిన కొత్తలో అత్తగారు తట్ట నెత్తిన పెట్టి, "సిగ్గు ఇంట్లో ఒగ్గీసి, నోరు పట్టుకుని రా" అన్నదట. కనకం అక్షరాలా అలాగే చేసింది. రోజూ తొలి ఆటోలో అనకాపల్లి చేరి, బైపాసు దగ్గర దిగి, తట్ట నెత్తికెత్తుకుని వీధుల్లో పడేది. చదువు అబ్బలేదు గాని ముక్కు అబ్బింది. మొప్ప ఎత్తి ఒక్కసారి వాసన చూస్తే చాలు, ఆ చేప నీళ్ళలోంచి ఎప్పుడు బయటికొచ్చిందో చెప్పేసేది. ఒకసారి ఒడ్డున వేలంలో ఎవడో పాత సరుకు అంటగట్టబోతే, తట్టంతా వాడి కాళ్ళ దగ్గరే కుమ్మరించి, "ఇది నిన్నటిది. మీ ఇంటి పెళ్ళికి వండుకో" అనేసి వచ్చింది. ఆ మాట ఊళ్ళో ఇప్పటికీ వాడుకలో ఉంది.

బోణీ మాత్రం ఎప్పుడూ స్వర్ణకుమారి ఇంట్లోనే. భర్త పోయాక జాకెట్లు కుడుతూ ఒక్కగానొక్క కూతురు సుజిని పెంచుకున్న మనిషి ఆవిడ. చేపల తట్ట బరువు, నెత్తి మీదనుంచి ఒక్కతే దించుకోవడం కష్టం. కొనే ఇంటావిడ ఎదురొచ్చి ఓ చెయ్యి వెయ్యాలి. ముందు వేసిన చెయ్యి మంచిదైతే తట్ట ఎండెక్కేలోగా ఖాళీ అవుతుందని పూడిమడక ఆడవాళ్ళ నమ్మకం. స్వర్ణకుమారి చెయ్యి అలాంటిది. ఆదివారం ప్రార్థనకి వెళ్ళే తొందరలో కూడా బైబిలు చంకన పెట్టుకుని, రెండో చేత్తో కనకం తట్ట దించి మరీ వెళ్ళేది. కనకం ఆ ఇంటి గుమ్మం దాటి ఇంకెక్కడా బోణీ చేసి ఎరగదు.

ఏప్రిల్ మధ్యలో వేట నిషేధం వచ్చింది. చేపలు గుడ్లు పెట్టే కాలం, రెండు నెలలు బోట్లు ఒడ్డునే ఉండాలి. మంచి పనే. కానీ చేప గుడ్లు పెడుతోందని మనిషి కడుపు ఊరుకుంటుందా? ఆ రెండు నెలలూ నక్కపల్లి వైపు చెరువుల్లో పెంచిన వెనామీ రొయ్యలే కనకానికి దిక్కు. వాటిని తెచ్చి ఇచ్చేవాడు దేవీప్రసాదు. కమీషన్ వ్యాపారి, మెడలో పులిగోరు, నోట్లో ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉంటాడు.

ఈ ఏడు ఈస్టరు వెళ్ళిన మర్నాడు అతని షెడ్డుకి వెళితే, బుట్టల బదులు తెల్లటి ఐసు పలకలున్నాయి. పలక లోపల తలలతో సహా వరసగా పేర్చిన రొయ్యలు.

"ఇదేటి బావూ, బండలాగుంది? పచ్చివి నేవా?" అంది కనకం.

"పచ్చిరొయ్యలు ఎవడైనా అమ్ముతాడు. ఇవి ఫారిన్ రిటర్న్ రొయ్యలే కనకం," అన్నాడు దేవీప్రసాదు. పక్కనున్న లారీ డ్రైవరు ఎందుకో కిసుక్కున నవ్వాడు.

కనకానికి ఆ నవ్వు అర్థం కాలేదు. 'ఫారిన్ రిటర్న్' అన్న మాట మాత్రం బాగా అర్థమైంది. మెయిన్ రోడ్డులో ఎముకల డాక్టరు బోర్డు మీద ఆ మాట ఉంది, ఆయన దగ్గర ఎప్పుడు చూసినా జనం మెట్ల మీద దాకా ఉంటారు. వాళ్ళ వీధిలో అయ్యప్ప అనేవాడు ఇక్కడున్నన్నాళ్ళూ ఎందుకూ కొరగాడు, మస్కట్ వెళ్ళి వచ్చేసరికి పిల్లనిస్తామని మూడు ఊళ్ళవాళ్ళు గుమ్మంలో కూచున్నారు. దేశం దాటి వచ్చినదానికి విలువ పెరగడం ఆవిడ కళ్ళారా చూసింది. మనిషికి పెరగ్గా లేనిది రొయ్యకి పెరగదా?

అయినా ధర మరీ చవగ్గా ఉందేమిటని ఒక్క క్షణం అనుమానం తగలకపోలేదు. ఒక రొయ్య ఊడదీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఉప్పు వాసన, ఐసు చల్లదనం, అంతే. ముక్కు సరేనంది. ఆ ముక్కు సరేనన్నాక కనకం ఇంకెవర్నీ అడగదు.

మర్నాడు గవరపాలెంలో కొత్త కేక మోగింది.

"ఫారిన్ రిటర్న్ రొయ్యలోయ్! దేశాలు తిరిగొచ్చిన రొయ్యలమ్మోయ్! మీ ఆయన ఎల్లని సోటికి ఎల్లొచ్చిన రొయ్యలమ్మోయ్!"

వీధి వీధంతా పడీపడీ నవ్వింది, ఎగబడి కొంది. అల్లుడొచ్చాడని కొన్నవాళ్ళు, పక్కింటివాళ్ళు కొన్నారని కొన్నవాళ్ళు. 'మా ఇంట్లో ఇవాళ ఫారిన్ రిటర్న్' అని చెప్పుకోవడం ఓ గొప్ప అయిపోయింది. బెల్లం మార్కెట్లో తూకాల కొలగారం చేసే పెద్దమనిషి ఒకాయన టిఫిన్ క్యారేజీ మూత తీసి నలుగురికీ చూపించి మరీ తిన్నాడట.

స్వర్ణకుమారి ఇంట్లో ఆ సమయానికి సుజి పురిటికి వచ్చి ఉంది. ఏడో నెల. తల్లి ఈస్టరు ముందొచ్చే శ్రమదినాల్లో నీచు ముట్టదు, ఆవిడతోపాటు పిల్లా నోరు కట్టుకుంది. ఈస్టరు వెళ్ళగానే రొయ్యల మీదకి మనసు పోయింది. కనకం ఆ పిల్లని గౌను వేసుకున్ననాటి నుంచి ఎరుగును. మిగతా గిరాకీలకి తల తీసిన రొయ్యలిచ్చి, పెద్ద పెద్ద తలకాయలు ఏరి విడిగా మూటకట్టి సుజికి తెచ్చేది.

"తలకాయలోనే సారమంతా ఉంటాది తల్లీ. పులుసెట్టుకుని జుర్రుకో. బిడ్డ ఉక్కులాగ పుడతాడు," అనేది. సుజి రోజు విడిచి రోజు జుర్రుకుంది. కనకం అరుగు మీద కూచుని చూసి మురిసింది.

ఊళ్ళో కనకం పక్కింటి పావని రొయ్యల కంపెనీలో పనిచేస్తుంది. ప్యాకింగ్ షెడ్డులో, తలకి ప్లాస్టిక్ టోపీ పెట్టుకుని. ఒక సాయంత్రం కుళాయి దగ్గర కనకం తన కొత్త కేక నలుగురికీ వినిపించి నవ్విస్తోంది. పావని కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నా తీయలేదు.

"పిన్నీ, ఆ సరుకు నీకెక్కడిది?"

"దేవీప్రసాదు ఇచ్చేడు. ఏటే, నీ మొకం అలగైపోనాది?"

"ఐసు పలకల్లోనా? తలకాయల్తోనా?" పావని గొంతు తగ్గించింది. "అది మా కంపెనీ కంటైనరే పిన్నీ. పై దేశం పంపితే అక్కడోళ్ళు పరీక్ష సేసి, సీసం ఉంది, కాడ్మియం ఉంది, మాకొద్దని ఎనక్కి తన్నేసేరు. రిటర్న్ అంటే అది. పూడ్సీయమని సెప్పి మా కళ్ళముందే లారీ ఎక్కించేరు. మజ్జిలో అమ్మేసేడన్నమాట ఎవడో."

కనకానికి కాడ్మియం అంటే ఏ ఊరివాడో తెలీదు. సీసం మాత్రం పుట్టింటి సొత్తు. ఆవిడ తండ్రి సత్తియ్య విసురువలలు కట్టేవాడు. వల అంచున సీసపు గుళ్ళు వరసగా కడతారు, ఆ బరువుకి వల నీళ్ళలో మునుగుతుంది. ఒక్కో గుండూ తాడు మీద పెట్టి, పళ్ళతో కొరికి బిగించేవాడు. చిన్నప్పుడు కనకం ఆయన పక్కన కూచుని గుళ్ళు అందించేది. మెరుస్తున్నాయని ఒకటి తను కూడా చప్పరించేది.

ఇంటికి వెళ్ళి మొగుడితో చెప్పింది. పరదేశి కొట్టిపారేశాడు. "సీసమేటే పెద్ద. మీ అయ్య జన్మంతా నోట్లో ఎట్టుకునే బతికేడు కదా. ఏటైంది?"

నిజమే, ఏమైంది అని కనకం కూడా అనబోయింది. అనలేకపోయింది. సత్తియ్యకి చివరి రోజుల్లో చొక్కా గుండీ పెట్టుకోవడం చేతనయ్యేది కాదు. మణికట్టు వేలాడిపోయేది, అన్నం ముద్ద ఎత్తబోతే జారిపోయేది. కడుపు పట్టుకుని మెలికలు తిరిగేవాడు. గాలి సోకిందన్నారు, విభూతి పెట్టారు, పోయాడు. అది సీసమని ఏ డాక్టరూ చెప్పలేదు, ఎందుకంటే ఏ డాక్టరుకీ చూపించలేదు. కనకానికి అదేమిటో ఇవాళ్టికీ తెలీదు.

"ఏటైందో మనం సూడనేదు. అదీ అయింది," అంది మొగుడితో.

తట్టలో మిగిలిన నాలుగు రొయ్యలున్నాయి. ఒకటి తీసి మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకుంది. తల తుంచి చూసింది, ఒలిచి చూసింది. ఏ వాసనా లేదు. కుళ్ళితే ముక్కు చెబుతుంది, మందు కొడితే ముక్కు చెబుతుంది. సీసానికి వాసన లేదు. ఇన్నేళ్ళూ ఏ ముక్కుని చూసుకుని వేలంలో మొగవాళ్ళతో తగువులాడిందో, ఆ ముక్కు ముందునుంచే ఇది దర్జాగా నడిచిపోయింది. సుజి గిన్నె ఎత్తి పులుసు తాగుతున్న బొమ్మ కళ్ళముందు కదిలింది. కనకానికి ఏడుపు రాలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది.

పొద్దున్నే దేవీప్రసాదు షెడ్డులో ఉంది.

"ఫారిన్ రిటర్న్ అంటే ఎల్లొచ్చినయ్యి కాదంట, ఎల్లగొట్టినయ్యంట. నిజమేనా?"

దేవీప్రసాదు నమలడం ఆపలేదు. "ఎవలు సెప్పేరు నీకు?"

"నాను అడిగిందానికి సెప్పు."

"సెప్తాను, కూకో. ఆ దేశపోళ్ళవి మెత్తటి కడుపులే. ఈగ వాలినా తట్టుకోనేరు. మనయి అలాటివా? రాళ్ళు తిని అరిగించుకున్న కడుపులు. కాసింత పసుపూ ఉప్పూ ఏసి కడిగి, సింతపండు పులుసులో బాగా మరిగిత్తే ఏ ఇసమైనా సచ్చి ఊరుకుంటాది."

"ఈ సీసం అందులోకి ఎలగొచ్చింది?"

"నన్నడిగితే నాకేటి తెలుసు? సెరువోడు మేతలో ఉందంటాడు. మేతోడు నీటిలో ఉందంటాడు. నీరు కాలవలోంచి వచ్చింది. ఎల్లి కాలవనడుగు."

కాలవ నోరు విప్పదు కాబట్టి నేరం దాని మీద పెట్టడం అందరికీ హాయి. కనకం కాలవని వదిలేసి, అతగాడు మొదట అన్న మాట దగ్గరే ఆగిపోయింది.

"ఆళ్ళయి కడుపులూ, మనయి సెత్తకుండీలూనా? ఆళ్ళు ఒల్లకపోతే మనకి ఒంపేత్తావా?"

అప్పుడు దేవీప్రసాదు నమలడం ఆపాడు. "ఇదిగో కనకం. నోరు మూసుకుని అమ్ముకున్నావా, నీ యాపారం నీది. ఈదుల్లో కూసేవా, బోట్లు దిగీదాకా నీకు ఒక్క రొయ్య అందదు. అందనివ్వను."

"మా అత్త నా నెత్తిన తట్టెట్టినప్పుడు సిగ్గు ఒగ్గీమంది బావూ," అంది కనకం లేస్తూ. "నోరు ఒగ్గీమననేదు."

ఆ రోజు ఖాళీ తట్ట నెత్తిన పెట్టుకుని గవరపాలెంలో అడుగుపెట్టింది. ఖాళీ తట్ట ఎందుకంటే, తట్ట లేకుండా ఆ వీధిలో ఎలా నడవాలో ఆవిడకి తెలీదు. అలవాటుగా స్వర్ణకుమారి గుమ్మం ముందు ఆగింది. స్వర్ణకుమారి మిషను మీదనుంచి లేచి వచ్చి చెయ్యి వేసింది. బరువు తగల్లేదు.

"ఇదేంటి కనకం, ఖాళీ తట్ట తెచ్చేవు?"

కనకం చెప్పేసింది. చుట్టూ తిప్పలేదు, దేవీప్రసాదు మీదకి నెట్టెయ్యలేదు. ఆ రొయ్యల్లో సీసం ఉంది, పై దేశం వాళ్ళు వద్దన్నారు, నాకు తెలీక దాన్ని గొప్పనుకున్నాను, తలకాయలు ఏరి మరీ తెచ్చాను అంది. లోపలినుంచి సుజి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. రెండో చెయ్యి కడుపు మీద ఉంది.

"బిడ్డకి ఏమవుతుంది పిన్నీ?"

"నాకు తెలవదు తల్లీ."

కనకం బతుకులో అంత కష్టమైన మాట ఇంకోటి అనలేదు. స్వర్ణకుమారి ముఖం తెల్లబోయింది, ఆ తర్వాత ఎర్రబడింది. తట్ట మీదనుంచి చెయ్యి తీసేసింది.

"నీ చేత్తో తెచ్చి పెట్టేవు. నా పిల్లకి నీ చేత్తో తెచ్చి పెట్టేవు కనకం! ఈ గడప ఇంక తొక్కకు."

కనకం గడప దిగింది. సందు మధ్యలో నిలబడి, గొంతు సవరించుకుని, కేక అందుకుంది.

"ఫారిన్ రిటర్న్ రొయ్యలు తినకండమ్మోయ్! ఎల్లగొట్టిన రొయ్యలమ్మోయ్! సీసం ఉన్న రొయ్యలమ్మోయ్! తెలవక అమ్మేను, తెలిసి సెప్తన్నాను, ఉంటే పారెయ్యండమ్మోయ్!"

అమ్మిన ప్రతి వీధిలోనూ అరిచింది. ఇదేదో కొత్త బేరమనుకుని గిన్నెలు పట్టుకొచ్చినవాళ్ళున్నారు. అర్థమయ్యాక తిట్టినవాళ్ళున్నారు. క్యారేజీ మూత తీసి చూపించిన పెద్దమనిషి, "నేను అసలు తినలేదు" అన్నాడు. సాటి చేపలవాళ్ళు మార్కెట్టు దగ్గర చుట్టుముట్టి, నీ తప్పుకి మా అందరి కడుపూ కొడతావా అని రెట్టించారు. నిషేధం రోజులు, వాళ్ళ బాధ వాళ్ళది. కనకం వాళ్ళ మీద కోపగించుకోలేదు, గొంతు మాత్రం తగ్గించలేదు.

కానీ సుజి అడిగిన ప్రశ్న చెవిలోంచి పోలేదు. ఎండ దిగకముందే పెద్దాసుపత్రికి వెళ్ళి ఓపీ వరసలో నిలబడింది. తన వంతు వచ్చాక డాక్టరు సురేష్ బాబు, "ఏంటమ్మా నీ బాధ?" అన్నాడు.

"నాకు ఏ రోగమూ నేదు బావూ. నా గిరాకీకి ఉందేమో అడగడానికొచ్చేను."

వెనక జనం నవ్వారు. డాక్టరు నవ్వలేదు. కుర్రవాడే గాని ఓపిక ఉన్నవాడు, పెన్ను కింద పెట్టి విన్నాడు.

"ఒక పూట తిన్నంతమాత్రాన ఎవరూ పడిపోరమ్మా. అదే దీంతో చిక్కు. ఈ లోహాలు ఒంట్లోకి కొద్దికొద్దిగా చేరతాయి, తొందరగా బయటికి పోవు. కాడ్మియం మూత్రపిండాల్లో ఏళ్ళ తరబడి పేరుకుంటుంది. కిడ్నీలు పాడవుతాయి, ఎముకలు గుల్లవుతాయి. సీసం తల్లి రక్తంలోంచి కడుపులో బిడ్డకి పోతుంది, బుర్ర ఎదిగే సమయంలో దెబ్బకొడుతుంది. కడిగితే పోవు, ఉడికిస్తే పోవు."

"పసుపేసినా?"

"పసుపేసినా, చింతపండు పోసినా. కాడ్మియం ఎక్కువగా చేరేది రొయ్య తలకాయలోనే."

ఆ తలకాయలు ఏరి పెట్టింది కనకమే. సారమంతా తలకాయలోనే ఉంటుందని తనే చెప్పింది. సారమే ఉంది, ఏ సారమో తెలీలేదు.

"భయపెట్టడానికి చెప్పడం లేదు," అన్నాడు డాక్టరు. "ఆమె తిన్నది ఎంత, అందులో ఉన్నది ఎంత అన్నది పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. తినడం వెంటనే ఆపెయ్యమను. రక్తంలో సీసం పరీక్ష చేయించమను, ఇక్కడ లేదు, విశాఖ పంపాలి, నేను రాసిస్తాను. పాలు, గుడ్లు, తోటకూర బాగా తినమను. కాల్షియం, ఐరన్ ఒంట్లో సరిగ్గా ఉంటే సీసం అంతగా పట్టదు."

కనకం దారి పొడుగునా ఆ మాటలు వల్లె వేసుకుంటూ తిరిగి గవరపాలెం వచ్చింది. గడప తొక్కొద్దన్నారు, తొక్కలేదు. వీధిలో నిలబడింది. చేపలమ్మే గొంతు అది, గడపలూ గోడలూ దానికి అడ్డం కావు.

"సుజమ్మోయ్! డాక్టరుగారు సెప్పేరు! తలకాయలు ముట్టుకోకు! పాలు తాగు, గుడ్లు తిను, తోటకూర తిను! రత్తం పరీక్షకి ఇశాపట్నం పంపాలంట, సురేష్ బాబుగారు రాసిత్తారంట! కడిగినా పోదంట, ఉడికించినా పోదంట! ఇనపడిందా తల్లీ?"

తలుపు తెరుచుకోలేదు. కానీ వీధిలో ప్రతి కిటికీ తెరుచుకుంది. కొని ఐసుపెట్టెలో దాచుకున్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పొట్లాలు తెచ్చి ఆవిడ తట్టలో పడేశారు. ఖాళీగా వచ్చిన తట్ట నిండింది. మర్నాడు సుజి తల్లితో కలిసి పెద్దాసుపత్రికి వెళ్ళిందని పక్కింటివాళ్ళు చెప్పారు.

దేవీప్రసాదు ఊరుకునే రకం కాదు. వీధులు చేజారేసరికి వ్యాను వేసుకుని, ఆదివారం చేపల మార్కెట్టు ముందే దుకాణం పెట్టాడు. 'ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ' అని అట్టమీద రాసి తగిలించాడు. జనం మూగారు. కనకం ఆ నిండిన తట్ట మోసుకుని వెళ్ళి సరిగ్గా వ్యాను ముందు నిలబడింది.

"బావూ, ఒక్కటి అడుగుతాను, సెప్పు. ఇవాళ ఆదివారం కదా. మీ ఇంటికి ఎన్ని పలకలు పంపించేవు?"

"మా ఇంట్లో రొయ్య తినరు," అన్నాడు దేవీప్రసాదు.

"ఎప్పట్నుంచి?"

"ముందునుంచీ."

"మీ అబ్బాయి పెళ్ళిలో రొయ్య వేపుడు నానే కదా ఒలిసి ఇచ్చేను. నీ ఇస్తరిలో రెండుసార్లు ఏసేరు. కంటైనరు ఎనక్కొచ్చినకాడ్నుంచి అని సెప్పరాదేటి?"

మొదట ఎవరో ఒకరు నవ్వారు, తర్వాత మార్కెట్టంతా నవ్వింది. సంచీలు పట్టుకున్నవాళ్ళు సంచీలు మడుచుకున్నారు. మొన్న తిట్టిన చేపలవాళ్ళే వచ్చి కనకం పక్కన నిలబడ్డారు. దేవీప్రసాదు వ్యాను మీంచి దిగి వేలు చూపిస్తూ ముందుకొచ్చాడు.

"ఆడదానివని ఊరుకుంటన్నాను. నీ అంతు సూత్తాను."

"సూడు. బేగి సూడు," అంది కనకం. "రోజూ ఇదే తట్టతో ఇదే రోడ్డు మీద ఉంటాను. నాకు తెలవక నోటితో అమ్మేను, నా తప్పే. నువ్వు తెలిసి అమ్ముతన్నావు. నా తప్పు ఈదీదీ తిరిగి నానే సెప్పుకున్నాను. నీది నువ్వు సెప్పుకోనేవు, అందుకే నాను సెప్తన్నాను!"

ఎవరో ఫోను చేస్తే ఆహార తనిఖీ అధికారులు వచ్చారు. పలకల్లోంచి కొన్ని, కనకం తట్టలోంచి కొన్ని నమూనాలు సీలు వేసి తీసుకెళ్ళారు. వ్యాను అక్కణ్ణుంచి వెళ్ళిపోయింది. నమూనాల సంగతి ఏమైందో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. కనకం వారం వారం ఆఫీసుకి వెళ్ళి అడుగుతూనే ఉంది, అక్కడి గుమాస్తాలకి ఆవిడ గొంతు వినపడగానే టీ తాగాలనిపిస్తుంది. దేవీప్రసాదుకి మాత్రం ఊళ్ళో పేరు స్థిరపడిపోయింది. ఫారిన్ రిటర్న్ దేవీప్రసాదు అంటే చిన్నపిల్లాడు కూడా ఇల్లు చూపిస్తాడు.

గెలిచేసింది కదా అనుకుంటే పొరపాటు. జూన్ మధ్యలో నిషేధం తీసేసి బోట్లు దిగాయి. కనకం తట్టలో నెత్తళ్ళు, కవళ్ళు లాంటి సముద్రపు చేపలు నింపుకుని గవరపాలెం వచ్చింది. పలకరించినవాళ్ళున్నారు, శభాష్ అన్నవాళ్ళున్నారు, కొన్నవాళ్ళు తక్కువ. నిజం చెప్పినందుకు జనం మెచ్చుకుంటారు, కానీ విషం తెచ్చింది ఏ తట్టలోనో కూడా మర్చిపోరు. వాళ్ళని తప్పుపట్టడానికి కనకానికి నోరు రాలేదు. రోజూ స్వర్ణకుమారి ఇంటి ముందు ఆగేది, అక్కడ గొంతు ఇంకాస్త పెంచేది. మిషను చప్పుడు ఆగేది కాదు. కనకం ఎదురింటి అరుగుకి ఒరిగి, మోకాలు ఆనించి, బరువు తట్ట ఒక్కతే దించుకునేది. దించేటప్పుడు మెడ నరం పట్టేసేది. ఇంకో ఇంట్లో బోణీ చేసుకోవే అని పరదేశి ఎంత చెప్పినా వినలేదు.

"ఆ సెయ్యే కావాలి నాకు. ఇయ్యకపోతే ఇయ్యకపోనీ. నాను మాత్రం అడగడం మాననని సెప్పు," అంది. ఎవరికి చెప్పాలో పరదేశికి తెలీలేదు.

సుజి సంగతులు చాటుగా తెలుస్తూనే ఉన్నాయి. విశాఖ పరీక్షలో సీసం ఉండవలసినదానికంటే కాస్త ఎక్కువుందట. తర్వాత మళ్ళీ చేస్తే తగ్గిందట. జూలై మొదట్లో ఆడపిల్ల పుట్టింది, తూకం బాగానే ఉంది, ఎదుగుదల చూస్తూ ఉండాలన్నాడట డాక్టరు. 'చూస్తూ ఉండాలి' అన్న మాట కనకం గుండెల్లో ముల్లులా దిగబడి ఉండిపోయింది. దాన్ని పీకేసుకోవాలని ఆవిడ అనుకోలేదు.

శ్రావణంలో ఒక ముసురు పొద్దున, గోనెపట్టా కప్పుకుని, తట్టతో అదే గుమ్మం ముందు ఆగి కేక పెట్టింది. "నెత్తళ్ళోయ్... పచ్చి నెత్తళ్ళమ్మోయ్!"

లోపల పసిపిల్ల ఉలిక్కిపడి లేచి కెవ్వుమంది. ఆషామాషీ ఏడుపు కాదు, సందు చివరిదాకా వినపడే ఏడుపు. కనకం ఆ గొంతు విని కదలకుండా నిలబడిపోయింది. మిషను చప్పుడు ఆగింది. స్వర్ణకుమారి గుమ్మంలోకి వచ్చింది. తట్ట వంక చూసింది.

"ఏ నీళ్ళవి?" అంది.

ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న. ఈ మధ్య వీధి అంతా ప్రతి చేపలవాణ్ణీ ఇదే అడుగుతోంది.

"సముద్రపుయ్యే. మా ఆయన బోటుయ్యి. నిన్న సాయంత్రం పడ్డాయి. ఆ సముద్రంలోకి ఎవలెవలు ఏటేటి ఒదుల్తన్నారో నాకు తెలవదు సొర్ణమ్మా. తెలిసినంతే సెప్తాను. ముక్కు మీద మాత్రం ఒట్టెయ్యను."

వాన చినుకులు తట్ట మీద టపటపా పడుతున్నాయి. లోపల పిల్ల ఏడుపు ఆపలేదు.

"ఊరుకోబెట్టి పడుకోబెట్టడానికి ఇంతసేపు పట్టింది. లేపేసేవు కదే దాన్ని," అంది స్వర్ణకుమారి. మెట్టు దిగి వానలోకి వచ్చి, తట్టకి చెయ్యి వేసింది.